రోస్విటా మింగని మాత్ర

రోస్విటా గ్రబోస్కీ బడ్డీకొట్టులో దొరకని సరుకంటూ ఉంటే అది తెల్లటి పిప్పరమెంటు బిళ్ళ ఒక్కటే. బీరు ఉంటుంది, సిగరెట్లు ఉంటాయి, పొద్దున్నే పచ్చి ఉల్లిపాయలు చల్లిన పంది కైమా రొట్టెలు ఉంటాయి, గాజుసీసాల నిండా రంగురంగుల జిగురు మిఠాయిలు ఉంటాయి. తెల్లగా, గుండ్రంగా, నాలుక మీద పెట్టుకునేది మాత్రం ఉండదు. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా తెలియక అడిగితే ఆమె మొహం చేదు మింగినట్టు పెట్టి, "మందుల షాపుకి పో. నా కొట్లో పురుగులమందు అమ్మను" అనేది. అడిగినవాళ్ళు ఆమె భుజాల వంక చూసి, ఎందుకడిగామా అనుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు.

ఆమెకు చేతులు లేవనడానికి లేదు. భుజాల దగ్గరే, రెక్కలు మొలవబోయి మనసు మార్చుకున్నట్టు, చెరి మూడు వేళ్ళతో రెండు చిన్న చేతులున్నాయి. వాటితో మిఠాయి పటకారు పట్టుకునేది. మిగిలిన పనంతా కాళ్ళదే. ఎత్తు పీట మీద కూర్చుని కుడికాలి వేళ్ళతో సీసా మూత ఎగరగొట్టేది, పేపరు మడిచేది, చలికాలంలో వేళ్ళ దగ్గర కత్తిరించిన ఉన్నిమేజోడు వేసుకుని చిల్లర ఇచ్చేది. ఆ కాలి నుంచి నాణెం అందుకోవడానికి జంకేవాడు ఎదురైతే ఆమెకు పండగే. ఆ నాణేన్ని వేళ్ళ మధ్య ఇటూ అటూ ఊపి, వాడి మొహంలో రంగులన్నీ మారేదాకా చూసి, అప్పుడు వదిలేది.

ఆ వీధి బొగ్గుగని కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన ఎర్ర ఇటుకల ఇళ్ళ వరస. గని మూతబడి చాలాకాలమైంది. ఆమె తల్లి హిల్డెగార్డ్ కాలంలో మాత్రం రాత్రింబవళ్ళు లిఫ్టు చప్పుడు, బొగ్గు జల్లెడ చప్పుడు. ఆ కొట్టు అప్పుడు హిల్డెగార్డ్‌ది. పెళ్ళైన కొత్తలో ఆమెకు నిద్ర పట్టక కళ్ళు గుంటలు పడితే, పై వాటాలో ఉన్న ఇల్లాలు జాలిపడి ఒక మాత్ర చేతిలో పెట్టింది. "పసిపిల్లలకి కూడా వెయ్యొచ్చటమ్మా, అంత మెత్తటి మందు" అంది. ఆ రోజుల్లో దానికి డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు. హిల్డెగార్డ్‌కి తన కడుపులో ఒక నలుసు పడిందని అప్పటికింకా తెలియదు. ఒక్కటంటే ఒక్కటి వేసుకుని, చాన్నాళ్ళకి హాయిగా నిద్రపోయింది.

దేశమంతటా అలా నిద్రపోయి ఇలాంటి పిల్లల్ని కన్న తల్లులు వేలల్లో ఉన్నారని తర్వాత తెలిసింది. కూతురు పుట్టాక హిల్డెగార్డ్ తలనొప్పి మాత్ర కూడా ముట్టలేదు. పంటినొప్పికి లవంగం నమిలింది. ముసలితనంలో కీళ్ళు బిగుసుకుపోయి ఏడ్చిందే తప్ప మాత్ర వేసుకోలేదు. పై వాటా ఇల్లాలితో మాత్రం చివరిదాకా ఆదివారం కాఫీ తాగింది. ఆవిడ మాత్రం ఏం చేసింది పాపం, తనకి మంచిదనిపించింది ఇచ్చింది.

రోస్విటాకి జాలి అంటే కూడా రోతే. చిన్నప్పుడు పెద్ద ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ తనలాంటి పిల్లల్ని బట్టలిప్పి గోడకి నిలబెట్టి, ముందు నుంచీ వెనక నుంచీ ఫొటోలు తీసేవాళ్ళు. చల్లటి నేల, ఫినాయిలు వాసన, "కదలకు బంగారూ" అనే తెల్లకోటు. ఆ తర్వాత గ్యాసు చేతులొచ్చాయి. సీసాలో నింపిన గ్యాసుతో ఆడే లోహపు చేతులవి. ఛాతీకి రబ్బరు పట్టీలు బిగించి తగిలించేవాళ్ళు. కదిపినప్పుడల్లా పాము బుసకొట్టినట్టు శబ్దం. చెంచా నోటిదాకా వచ్చేసరికి సూపు చెవిలో ఉండేది. వేసవిలో ఆ పట్టీల కింద చెమట పులిసి కంపు కొట్టేది, చర్మం ఊడేది. చూడటానికొచ్చిన పెద్దమనుషులు మాత్రం "ఇప్పుడెంత చక్కగా ఉందో" అని చప్పట్లు కొట్టేవాళ్ళు. ఎవరి కళ్ళకి చక్కగా ఉండాలని ఆ చేతులు తగిలించారో ఆ పిల్లకి అప్పుడే అర్థమైంది. ఒకరోజు బడిలో మరుగుదొడ్డి తలుపు వేసుకుని, రెండూ విప్పి పడేసి, ఇంటికి చెప్పుల్లేకుండా నడిచొచ్చింది. ఒకటి అప్పుడే విరిగింది. రెండోదాన్ని, సర్కారు ఇచ్చిన వస్తువు పారేయకూడదని హిల్డెగార్డ్ నేలమాళిగలో బంగాళాదుంపల బుట్ట వెనక దాచింది. అది అక్కడే ఉండిపోయింది.

రోస్విటా పెళ్ళి చేసుకుంది. మొగుడు ఆమె కళ్ళు చూసి చేసుకున్నాడు, నోరు విని పారిపోయాడు. ఈ మాట ఆమే అందరికీ చెప్పి నవ్వేది. మధ్యలో కూతురు పుట్టింది. మంత్రసాని బిడ్డను పక్కన పడుకోబెట్టగానే రోస్విటా మంచం మీద లేచి కూర్చుని, తన కాలివేళ్ళతో ఆ బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది. చూసుకుని, మళ్ళీ మొదటి నుంచి తడిమింది. ఆ కూతురే స్వెన్యా. ఇప్పుడు అదే ఇంట్లో పై వాటాలో ఉంటోంది. భర్త ఓర్హాన్ బస్సు నడుపుతాడు. చాలా ఏళ్ళు ఎదురుచూసి, రెండుసార్లు నిలబడక పోగొట్టుకుని, ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది.

సరిగ్గా ఆ వారమే రోస్విటా బీరు పెట్టెను కాలితో జరపబోతే పక్కటెముక పుటుక్కుమంది. ఆసుపత్రిలో ఫొటో తీస్తే ఎముకలు చిమ్మటలు కొట్టిన ఉన్నిబట్టలా ఉన్నాయి. రక్తం పరీక్ష చేశారు, నడుము ఎముకలోంచి మజ్జ లాగి చూశారు. మజ్జలో పుట్టే రక్త క్యాన్సరు అన్నారు.

రక్తరోగాల డాక్టరమ్మ హార్మ్స్ చిన్నపిల్ల. గట్టిగా మాట్లాడితే ఏడ్చేట్టుంది. ఎదురుగా రోస్విటా. బయట వరండాలో స్వెన్యా.

"మందులు మంచివొచ్చాయి గ్రబోస్కీ గారూ. వారానికో ఇంజెక్షను, దాంతోపాటు ఇంట్లో వేసుకోవడానికి ఒక మాత్ర," అంది డాక్టరమ్మ.

"ఇంజెక్షను అయితే పొట్టలో ఎన్ని పొడుస్తారో పొడవండి. మాత్ర మాత్రం వద్దు."

"మాత్రే ముఖ్యమండీ. ఎలా పనిచేస్తుందో చెప్తాను, వినండి. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ప్రొటీన్లు పుడుతూ ఉంటాయి, పాతబడుతూ ఉంటాయి. పనికిరానివాటిని పారేయడానికి ఒక ఏర్పాటుంది. ఎంజైము ఒకటి వచ్చి, పారేయాల్సినదాని మీద చీటీ అంటిస్తుంది. చీటీ ఉన్నదాన్ని ఇంకో యంత్రం లాక్కెళ్ళి నుగ్గు చేస్తుంది."

"పాత సామాన్ల బండి లాగా."

"అచ్చం అలాగే!" డాక్టరమ్మ మొహం విప్పారింది. గుమ్మం ముందు పెట్టిన చెత్తసామానుని నమిలి పట్టుకుపోయే ఆ బండి తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో ఉండరు మరి. "మీ జబ్బు కణాలు రెండు ప్రొటీన్లను పట్టుకుని బతుకుతున్నాయి. మామూలుగా ఎంజైము వాటి జోలికి పోదు. ఈ మందు వెళ్ళి ఎంజైముకి అతుక్కుని దాని బుద్ధి మారుస్తుంది. అప్పుడది వాటి మీద కూడా చీటీ అంటిస్తుంది. ఆధారం పోయాక జబ్బు కణం చస్తుంది."

"బాగానే ఉందే. ఇంత తెలివైన మందుకి అమ్మానాన్నా ఎవరు?"

డాక్టరమ్మ బల్ల మీది కాగితాలు సర్దింది. సర్దినవాటినే మళ్ళీ సర్దింది. "ఇది... ఒక పాత మందుకి చెల్లెలు లాంటిది."

"ఏ పాత మందుకి?"

డాక్టరమ్మ చూపు ఒక్క క్షణం రోస్విటా భుజాల మీద పడి, కిటికీ వైపు తిరిగిపోయింది. రోస్విటాకి ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

"నా చేతుల మీద చీటీ అంటించింది కూడా ఆ ఎంజైమేనా?"

"అవునండీ. అదే. కడుపులో బిడ్డకి చేతులు కట్టే ప్రొటీను ఒకటుంది. దాని మీద కూడా పడుతుంది చీటీ. అప్పుడు ఎవరికీ తెలీదు. యాభై ఏళ్ళు పట్టింది కనిపెట్టడానికి."

"యాభై ఏళ్ళు నా చేతులు రోడ్డు మీద పడున్నాయన్నమాట, బండి కోసం."

డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతటితో అయిపోతే బాగుండేది. చట్టం ఊరుకోదు. ఈ మందు రాసేటప్పుడు ఆడమనిషి ఎవరైనా సరే, ఏ వయసైనా సరే, హెచ్చరిక చదివి వినిపించాల్సిందే. డాక్టరమ్మ కాగితం తీసింది.

"క్షమించండి. తప్పదు. 'ఈ మందు గర్భస్థ శిశువుకు తీవ్రమైన అంగవైకల్యం కలిగించవచ్చు.' మీకు అర్థమైందా?"

రోస్విటా తన రెండు చిన్న చేతులూ ఎత్తి మూడేసి వేళ్ళు చాపి చూపించింది. "అర్థం కాకపోతే బొమ్మ చూపిస్తారా, అద్దం తెప్పిస్తారా?"

"మీకు గర్భం వచ్చే అవకాశం..."

"అరవై దాటాయమ్మా. మొగుడు పోయి పాతికేళ్ళు, అదీ కాళ్ళతో నడిచి పోయాడు. పక్కింట్లో ఎవాల్డ్ ఉన్నాడు గానీ వాడికి పావురాలంటేనే మోజు."

"గర్భిణులు ఈ మందును ముట్టుకోకూడదు, మాత్ర పగిలి పొడి తగిలితే..."

అక్కడ రోస్విటా నవ్వు ఆగిపోయింది. వరండాలో స్వెన్యా పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. ఆ పిల్ల పొద్దున్నే కారులో అన్న మాట చెవిలో ఉంది. "నువ్వు మందు వేసుకోవాలమ్మా. నా బిడ్డకి కాలితో సీసా మూత తీసే అమ్మమ్మ కావాలి." రోస్విటా కాలివేళ్ళతో కలం పట్టుకుని సంతకం పెట్టింది.

సంతకమైతే పెట్టింది, మింగలేకపోయింది.

మొదటిరోజు మాత్రను కాలివేళ్ళతో రేకులోంచి నొక్కి తీసి వంటింటి బల్ల మీద పెట్టుకుని చూసింది. తెల్లగా, నున్నగా, ఏదో పురుగు పెట్టిన గుడ్డులా ఉంది. పెదాల మధ్యకి తీసుకుందో లేదో ఒళ్ళంతా గగుర్పొడిచింది. అమ్మ నాలుక మీద ఉన్నదిదే. ఇలాగే ఉండుంటుంది, రుచీ పచీ లేకుండా, మెత్తగా, మంచిదాన్లా. సింకులోకి ఊసి, నోరు పదిసార్లు పుక్కిలించింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నోటిదాకా కూడా రానియ్యలేదు.

చెత్తలో వేద్దామంటే కూతురు చూస్తుంది. మరుగుదొడ్లో వేస్తే కాలువలో కలిసి ఎవరి కడుపులో పడుతుందో. మందుల షాపుకి తిరిగిస్తే అబద్ధం బయటపడుతుంది. ఆలోచిస్తే నేలమాళిగలో ఉన్న గ్యాసు చెయ్యి గుర్తొచ్చింది. దాని మోచేతి దగ్గర ఒక బోలు గొట్టం ఉంటుంది. దీనికి తగిన గొయ్యి అదే అనుకుంది. రోజూ పొద్దున్నే కొట్టు తెరిచేముందు మాత్రను గౌను జేబులో వేసుకుని మెట్లు దిగి, దుంపల బుట్ట వెనకనుంచి ఆ చేతిని కాలితో లాగి, గొట్టంలో జారవిడిచి, మూతగా పాతగుడ్డ కుక్కి వచ్చేది. ఖాళీ రేకు మాత్రం అందరికీ కనబడేలా చెత్తబుట్టలో పైనే వేసేది. మెట్లెక్కుతుంటే విరిగిన పక్కటెముక కలుక్కుమన్నా, ఒక రకమైన తృప్తి ఉండేది. చెయ్యీ మాత్రా ఒకదాన్నొకటి తినండి, తినండి అనుకునేది.

ఎవాల్డ్ రోజూ పొద్దున కాఫీకి వచ్చేవాడు. గనిలో పనిచేసి రిటైరైనవాడు, భార్య పోయింది, మేడమీద పందెం పావురాలున్నాయి. కొట్టు కిటికీకి మోచేతులానించి నిలబడితే కదలడు.

"ఏమే, మందు వేసుకున్నావా?"

"వేసుకున్నాను. నీకేం, నా మొగుడివా?"

"ఆ అదృష్టం దేవుడు తప్పించాడులే. మొహం పాలిపోయింది, గాలి కొడితే పడిపోయేలా ఉన్నావు. నా ముసలి పావురం నయం నీకన్నా."

"అయితే దానితోనే కాఫీ పెట్టించుకో పో."

ఎవాల్డ్ గొణుక్కుంటూ తాగేవాడు. అతను అన్నదాంట్లో తప్పులేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మకీ అదే దిగులు పట్టుకుంది. జబ్బు కణాలు రక్తంలోకి వదిలే చెడ్డ ప్రొటీను దిగాల్సింది దిగట్లేదు. "ఈ మాత్ర మీకు పనిచేయట్లేదేమో. ఇంకొన్నాళ్ళు చూసి మార్చేద్దాం, కాకపోతే తర్వాతవి ఇంకా కష్టమైనవి" అంది. రోస్విటా తల ఊపింది. పనిచేయట్లేదన్న మాట వినడానికి కమ్మగా ఉంది. అదే క్షణంలో వెన్నులోంచి నొప్పి చుర్రుమంది. రెండూ ఒకేసారి తెలియడం ఆమెకు నచ్చలేదు.

ఆ వీధిలో ఒక అలవాటుంది. ఎవరైనా నగరపాలక సంస్థకి ఫోన్ చేసి పాత సామాన్ల బండిని పిలిపించుకుంటే, ముందురోజు సాయంత్రం వాళ్ళ గుమ్మం ముందు కుప్ప పెడతారు. చీకటి పడేలోపు వీధివీధంతా తమ ఇళ్ళలోంచి పనికిరానివి తెచ్చి ఆ కుప్పలో కలిపేస్తుంది. పిలిచింది ఒకరు, పారేసేది అందరూ. ఎవరూ ఎవరినీ అడగరు, ఎవరూ ఎవరినీ ఆపరు. ఇనుపసామాను ఏరుకునేవాళ్ళు డొక్కు వ్యానుల్లో వచ్చి, బండి కంటే ముందే కుప్పంతా కెలికిపోతారు.

ఈసారి పిలిచింది ఎవాల్డ్. చనిపోయిన భార్య సోఫా ఎట్టకేలకి బయట పెట్టాడు. స్వెన్యాతో కూడా ఒక మాట అన్నాడు. "మీ అమ్మ నేలమాళిగలో చెత్త ఏమైనా ఉంటే తెచ్చి పడెయ్యమ్మా. బరువువి నాకు చెప్పు, నువ్వు ఎత్తకు."

బరువువి ఎవాల్డే మోశాడు. విరిగిన కుర్చీ, తుప్పు పట్టిన పొయ్యి. స్వెన్యా దుంపల బుట్ట జరిపితే వెనకాల ఆ చెయ్యి కనబడింది. చిన్నప్పటి నుంచీ అమ్మ దాని పేరెత్తితేనే ఉమ్మేయడం చూసింది. జబ్బుమనిషి ఇంట్లో ఈ దరిద్రం ఎందుకు, రేపు లేచేసరికి పోయిందంటే అమ్మకి సంతోషం అనుకుంది. పాత తువ్వాలులో చుట్టి పైకి తెచ్చింది.

రోస్విటా కొట్లోనే ఉంది. ఎదురుగా కుప్ప, కుప్ప చుట్టూ నలుగురు. వాళ్ళని చూస్తే ఆమెకు ఎప్పుడూ వెగటే. ఒకరు ఉమ్మేసినదాన్ని ఇంకొకరు నాకుతున్నట్టుంటుంది. ఎవరి పరుపు మరకలు ఎలాంటివో మెడలు సాచి చూస్తారు. ఇంతలో ఒక ఇనుపసామాన్ల వాడు కుప్పలోంచి మెరిసేది ఒకటి లాగి, తన మోచేతికి ఆనించుకుని, రోడ్డు అవతలి వాడికి సలాం కొట్టాడు.

"చూడరా, నాకు మూడో చెయ్యి! బీరు పట్టుకోవడానికి పనికొస్తుంది!"

అవతలివాడు పగలబడి నవ్వాడు. రోస్విటాకి ఆ మెరుపేంటో తెలియడానికి ఒక క్షణం పట్టింది. ఆ తర్వాత ఏం జరగబోతుందో తెలియడానికి క్షణం కూడా పట్టలేదు.

"కింద పెట్టరా! అది కింద పెట్టు!"

వాడు తిరిగి చూసి, కిటికీలో చేతుల్లేని ఆడమనిషి అరుస్తుంటే హడలిపోయి చెయ్యి వదిలేశాడు. అది రాళ్ళ బాట మీద పడింది. గొట్టంలోని గుడ్డ ఊడి, తెల్లటి మాత్రలు జలజలా దొర్లాయి, కాలువ అంచు దాకా. నేలమాళిగ చెమ్మకి కొన్ని మెత్తబడి ఒకదానికొకటి అంటుకున్నాయి. కొన్ని చెక్కుచెదరకుండా గట్టిగానే ఉన్నాయి.

స్వెన్యా అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉంది. వంగి ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది. ఈ మాత్ర ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలియదు. డబ్బా కంటబడకుండా ఇన్నాళ్ళూ దాచింది రోస్విటాయే.

"ఎవాల్డ్ మామా, ఇవేంటి? మీ పావురాల మందా?"

రోస్విటా కొట్టు తలుపు తోసుకుని ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. పీట దొర్లిపోయింది, సీసాలు పగిలాయి. ఉన్నిమేజోడు కాళ్ళతో పరిగెత్తుకొచ్చి, కాలెత్తి కూతురి అరచేతి మీద ఒక్క తన్ను తన్నింది. మాత్ర ఎగిరి రోడ్డు మధ్యలో పడింది. తన్నిన ఊపుకి తాను వెల్లకిలా పడింది.

"అమ్మా! నీకేమైనా పిచ్చా!"

"నోట్లో పెట్టుకున్నావా? చెయ్యి మొహానికి రాసుకున్నావా? చెప్పవే!"

"లేదు! ఏంటివి?"

"నా మందు! ఎవాల్డ్, నీళ్ళు! దాని చేతుల మీద నీళ్ళు పొయ్యి, సబ్బు తే, నిలబడి చూస్తావేం!"

ఎవాల్డ్ కొట్లోంచి సోడానీళ్ళ సీసాలు తెచ్చి ఒకటి తర్వాత ఒకటి గుమ్మరించాడు. గిన్నెలు కడిగే సబ్బుతో స్వెన్యా మోచేతుల దాకా తోముకుంది. రోస్విటా రాళ్ళ మీదే లేచి కూర్చుంది. వాంతి చేసుకుంది. వీధంతా చూస్తుండగా, కుప్ప పక్కన, చిన్నప్పటి ఆ చేతి మీదే పడేలా.

ఫోన్ ఎవాల్డ్ కలిపి రోస్విటా చెవి దగ్గర పట్టుకున్నాడు. డాక్టరమ్మ గొంతు ఎప్పుడూ లేనంత గట్టిగా ఉంది. "అమ్మాయి పట్టుకున్నది పగిలిందా?"

"లేదంటోంది. గట్టిగా ఉందట."

"చెయ్యికి పొడి కనబడిందా? కడిగారా?"

"పొడి లేదు. కడిగాం. మళ్ళీ కడుగుతోంది."

"అయితే భయం లేదు. పగలని మాత్ర చర్మానికి తగిలితే ఏమీ కాదు. అయినా రేపు తీసుకురండి, చూస్తాను. ఆ చుట్టుపక్కల ఉండనివ్వకండి." మళ్ళీ తనే అడిగింది. "రోడ్డు మీద చాలా పడ్డాయన్నారు కదా. అన్నెక్కడివి గ్రబోస్కీ గారూ?"

రోస్విటా కూతురి చేతుల వంక చూసింది.

"ఒక్కటీ వేసుకోలేదా?"

"లేదు."

ఫోన్లో డాక్టరమ్మ తిట్టలేదు, ఏడవలేదు. "రేపు మీరూ రండి" అని పెట్టేసింది. స్వెన్యా సబ్బు నురగ చేతులతో అలాగే నిలబడి తల్లిని చూస్తోంది.

"నాతో రోజూ అబద్ధం చెప్పావా?"

"చెప్పాను."

"నువ్వు చచ్చిపోదామనుకున్నావా?"

"కాదే. మింగలేకపోయాను. చూస్తేనే డోకొస్తుంది. అది నా నోట్లో... ఛీ. నీకు చెప్పినా అర్థం కాదు."

"నాకెందుకు అర్థమవుతుంది! రెండు పోగొట్టుకున్నదాన్ని, నాకేం తెలుసు రోత అంటే!" స్వెన్యా చేతుల మీది నురగ విదిలించింది. "ఆ మందుని నీ కడుపులోకి పోనివ్వకుండా నా కడుపు దగ్గరికి తెచ్చావు కదమ్మా. అమ్మమ్మకి ఇచ్చినావిడైనా తెలియక ఇచ్చింది."

ఎవాల్డ్ తలవంచుకుని, రబ్బరు తొడుగులు వేసుకుని, మిఠాయి పటకారుతో రాళ్ళ సందుల్లోంచి మాత్రలు ఒక్కొక్కటీ ఏరి మూత గట్టి డబ్బాలో వేశాడు, మందుల షాపులో ఇచ్చేయడానికి. పటకారు కూడా అందులోనే పడేసి మూత బిగించాడు. మెత్తబడినవి అంటుకున్న చోటల్లా నీళ్ళు కొట్టి కడిగాడు. ఏరుతూ ఏరుతూ, "గనిలో పేలని మందుగుండుని కూడా ఇంత జాగ్రత్తగా ఏరలేదే తల్లీ" అన్నాడు.

ఇనుపసామాన్ల వాడు వాంతి అంటిన ఆ చేతిని ముట్టుకోలేదు. పొద్దున బండి వచ్చి, సోఫాతో పాటు దాన్ని కూడా నోట్లో వేసుకుని కరకరా నమిలేసింది. రోస్విటా కిటికీలోంచి చూసింది. సంతోషం కలుగుతుందనుకుంది, కలగలేదు. ఇనుము నలిగిన చప్పుడంతే.

అప్పుడు వంటింట్లోకి వెళ్ళి ఎవాల్డ్‌ని పిలిచింది. స్వెన్యాని గుమ్మం అవతలే ఉండమంది. డబ్బాలోంచి ఆ రోజు మాత్రను కాలితో నొక్కి తీసి బల్ల మీద పెట్టింది. అదే గుడ్డు, అదే తెలుపు. పసిబిడ్డ జోలికి పోకుండా దాన్ని దాచడానికి ఈ లోకంలో ఒక్కటే చోటు మిగిలిందని ఆమెకు రాత్రంతా నిద్రపట్టక దొర్లుతుంటే తెలిసింది. నేలమాళిగ కాదు, కాలువ కాదు. ఇక ఏ బిడ్డనీ మొయ్యని తన ముసలి పొట్ట.

వంగి పెదాలతో అందుకుంది. మొహం వికారంగా ముడుచుకుపోయింది. గొంతు ఒకసారి వెనక్కి తన్నింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మింగింది.

"నోరు తెరువు," అన్నాడు ఎవాల్డ్.

"నేనేమన్నా నీ పావురాన్నా?"

"నా పావురాలు అబద్ధాలాడవు. తెరువు. నాలుకెత్తు. ఆ పక్కకి. సరే."

గుమ్మం దగ్గర స్వెన్యా తలుపు చట్రానికి ఆనుకుని నిలబడింది. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. ఆ రోజు మొదలు అదే తంతు. కొట్టు తెరిచేముందు ఎవాల్డ్ వచ్చి నోట్లో తొంగిచూస్తాడు, స్వెన్యా గుమ్మం అవతల నిలబడి చూస్తుంది, రోస్విటా ముగ్గురి వంతూ తిడుతుంది. రోత ఇసుమంతైనా తగ్గలేదు. మింగినాక ఉల్లిపాయ ముక్క ఒకటి నమిలి ఆ రుచిలేని రుచిని చంపుకునేది.

చలి ముదిరేసరికి స్వెన్యా కోటుకి గుండీలు పట్టడం మానేశాయి. అప్పుడే ఒకరోజు డాక్టరమ్మ రక్తం ఫలితాలు చూసి కుర్చీలోంచి లేచింది.

"దిగుతోందండీ! చెడ్డ ప్రొటీను సగానికి సగం పడిపోయింది. మీ మందు పనిచేస్తోంది!"

రోస్విటా కిటికీ వైపు చూసింది. వరండాలో కూతురు పొట్ట మీద పేపరు పెట్టుకుని చదువుకుంటోంది.

"ఛీ," అంది. "పనిచేస్తుందని నాకు పుట్టకముందే తెలుసు."